ముక్కు తడపని లకుముకి

ఉప్పుమడుగులో చేపలు తగ్గిపోతున్నాయని తాబేలు తాత కట్టడి పెట్టాడు: "గుడ్లు పిల్లలై ఎదిగేదాకా ఎవరూ ముక్కు తడపకూడదు."

గొంతుసంచి అప్పటికే నింపుకున్న గూడకొంగ అందరికన్నా ముందు తలూపింది. లకుముకి పిట్టకి సంచి ఎక్కడిది? ఒక్క మునకకి ఒక్క చేప, అదీ గూట్లో పిల్లల నోటికే. అయినా మాట తప్పలేదు. మిడతలు ఏరి తెచ్చి పెట్టింది. ఒక పిల్ల దక్కలేదు.

కట్టడి ఎత్తేసిన పొద్దున్నే గూడకొంగలు మందగా దిగి మడుగంతా తోడేశాయి. తర్వాత మునిగిన లకుముకి ముక్కుకి బురదే అంటింది.

"నువ్వు కడుపు మాడ్చుకోబట్టే చేపలు ఎంతెంత పెరిగాయో చూశావా!" అని మురిసిపోయాడు తాత.

గూడకొంగ సంచిలో కొట్టుకుంటున్న తోకల వైపు చూసింది లకుముకి.

"ఇక్కణ్ణించి బాగానే కనిపిస్తున్నాయి, తాతా."