కొండ కింద మంత్రగాడు

ఆటకోసమైనా సరే, ఉన్న లోకాన్ని కూల్చడం పాపం కాదా?

ఇళ్ళు కట్టే మేస్త్రిని ఏళ్ళ తరబడి తొలుస్తున్న సందేహం ఇది. రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటూ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాడు. ఆయన అవుననలేదు, కాదనలేదు.

ఈ ఆదివారం మేస్త్రి కూల్చేశాడు.

భోజనాల బల్ల మీద కొత్త పటం పరిచాడు. విరిగిన వంతెనలు, ఒరిగిన బురుజులు, నిలువునా చీలిన కొండ.

"అయ్యో బావా! నా కోట ఏదీ?" అంది మరదలు.

"అదుగో, ఆ రాళ్ళకుప్ప."

"నిక్షేపంలాంటి కోట! మీకిదేం పొయ్యేకాలం?"

"ఏ గోడ ఎటు పడాలో లెక్కలేస్తూ నెల్లాళ్ళు కూర్చున్నారే మీ బావ," అంది మేస్త్రి భార్య. "మా వంటింటి గోడ పగులు మాత్రం అలాగే ఉంది."

వాళ్ళ ఆట అలాంటిది. మేస్త్రి లోకాన్ని గీస్తాడు. మిగతావాళ్ళు అందులో రాణిగానో వేటగత్తెగానో తిరుగుతారు. ఎవరికేం జరుగుతుందో పాచికలు చెబుతాయి.

మరదలి మొగుడు మాత్రం ఆడడు. ప్రతి ఆదివారం భార్యతో వస్తాడు, తింటాడు, నవ్విస్తాడు. ఆట మొదలవగానే కిటికీ దగ్గర పేపరు పట్టుకుంటాడు.

ఒకప్పుడు మంత్రగాడిగా ఆడేవాడు.

అతని మంత్రగాడు కూలుతున్న గుహను రెండు చేతులా ఆపి, అక్కచెల్లెళ్ళిద్దరినీ బయటికి పంపేశాడు. కొండ అతని మీద పడింది.

"బయటికి లాగండి బావా," అని బతిమాలింది మరదలు.

"ఈ లోకం ఉన్నంతకాలం ఆ కొండను ఎవరూ కదపలేరు. ముందే చెప్పాను," అన్నాడు మేస్త్రి.

పెట్టిన నియమం మార్చే మనిషి కాదు. ఆ రోజు లేచిన తోడల్లుడు మళ్ళీ ఆటలో కూర్చోలేదు.

"తమ్ముడూ, ఇలా రా," ఇప్పుడు కిటికీ వైపు తిరిగి పిలిచాడు మేస్త్రి.

"మీరు కానివ్వండి అన్నయ్యా."

"లోకం అంతమైపోయిందయ్యా. ఒక్కసారి చూసి పో."

తోడల్లుడు పేపరు మడిచి వచ్చాడు. పటం మీదికి వంగాడు. అతని వేలు ఊళ్ళు దాటి, ఎండిన నది దాటి, కొండ చీలిక దగ్గర ఆగింది.

చీలికలోంచి దుమ్ము కొట్టుకుపోయిన చెయ్యొకటి బయటికొస్తోంది.

"ఇంత లోకమూ... దీనికా?"

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"ఇంకో దారి దొరకలేదు. నీకో ప్రాణం బాకీపడ్డాను కదా."

"అంటే నా కోట పోయింది మా ఆయన కోసమా!" అంది మరదలు. తిట్టబోయి ముక్కు తుడుచుకుంది.

తోడల్లుడు ఆ చేతినే చూస్తున్నాడు.

"మరి మంత్రగాడి టోపీ?"

"నలిగింది."

"బాగా నలిగిందా?"

"కొండ పడిందయ్యా."

తోడల్లుడు తలూపాడు.

"కాస్త జరగండి అన్నయ్యా," అన్నాడు.