నిన్నేమన, దా

“మూడేండ్ల సంది ఈ చేత్తోనే బువ్వ పెట్టిన. ఈ చేతినే కరిచింది సూడు బిడ్డా! గింత మోసమా?”

శంషాబాద్ దవాఖానలో కూర్చున్న చంద్రమ్మకు నొప్పి కన్నా ఉక్రోషమే ఎక్కువగా ఉంది.

నర్సు నబీలా గాయం కడుగుతూ అడిగింది. “కుక్కలు ఊకెనే కరవయమ్మా. తినంగ ముట్టినవా? కొట్టినవా? దానికి దెబ్బ గిట్ల తాకిందా?”

“నేనెందుకు కొడత? మొన్ననే మున్సిపాలిటోళ్లు దానికి పిల్లలు పుట్టకుంట ఆపరేషన్ చేసి, మళ్ల మా గల్లీలనే ఇడిచిపోయిండ్రు. దూరం దూరం తిరుగుతుంటె, ఎప్పటిలెక్కనే చెయ్యి చాపి పిలిచిన. ‘నిన్నేమన, దా’ అన్న. గంతే!”

“గల్లీ కుక్కలు అంత సులువుగ దొరకయి గదా. ఎట్ల పట్టిండ్రు?”

“అగో, వాళ్లతోని యాడయితది? నేను పిలిస్తెనే వస్తదని నన్ను...”

చంద్రమ్మ తన చేతి వైపు చూసుకుంది.

కుక్కను పట్టుకుపోయిన రోజు కూడా ఆమె ‘నిన్నేమన, దా’ అనే పిలిచింది. కుక్క పరుగున వచ్చి ఆమె అరచెయ్యి నాకుతుంటే, వెనక నుంచి వల పడింది.

వలలో చిక్కుకున్నాక కూడా, అది కాసేపు చంద్రమ్మ వైపే చూస్తూ తోక ఊపింది.