ఎవోసెట్ నీళ్ళలోకి దిగిన రోజు

"దాన్ని ఇవాళ పూర్తిగా నీళ్ళలోకి వదలకండి!"

క్రేను పట్టీలకు వేలాడుతున్న తెరచాప పడవ కింద నిలబడి అరిచింది ఒక ముసలావిడ. పాత వానకోటు, చేతిలో గుడ్డసంచి.

డెబెన్ ఏటి ఒడ్డున ఉన్న ఆ పడవల క్లబ్బులో ఆరోజు పండగ. 'ఎవోసెట్' అనే ఆ చెక్క పడవకు యాభై ఏళ్ళు నిండాయి. కొత్త యజమాని రోడ్నీ హేవరిల్ షాంపేన్ సీసాతో సిద్ధంగా ఉన్నాడు.

"ఎవరమ్మా నువ్వు? సభ్యురాలివా?"

"కాదు. రెండేళ్ళు దీన్ని గట్టు మీద ఎండబెట్టారు కదా? పలకలు ఎండి సందులు విచ్చుకున్నాయి. చెక్క నీళ్ళు తాగి ఉబ్బేదాకా రెండ్రోజులు అడుగు మాత్రం నీళ్ళకు ఆనించి పట్టీలకే ఉంచండి."

"ఒక్క రంగుకే నాకు నెల పట్టింది. నువ్వొచ్చి పాఠాలు చెబుతావా?"

"రంగు నీళ్ళని ఆపదు బాబూ."

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. రోడ్నీ మొహం కందగడ్డ అయింది.

"పెర్సీ! ఈవిణ్ణి గేటు దాటించు. దారినపోయే ప్రతివాళ్ళూ పండితులే!"

కాపలాదారు పెర్సీ ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు.

"వదులు. నా కాళ్ళు నాకున్నాయి," అంది ఆవిడ.

సీసా పగిలింది. బ్యాండు మోగింది. పడవ నీళ్ళలోకి దిగింది.

"పంపు పెట్టండి! పడవ బరువెక్కుతోంది, కనపడట్లా?"

కంచె బయట నుంచి ఆవిడే. ఒక్కరూ తల తిప్పలేదు.

అరగంటకల్లా ఎవోసెట్ జెట్టీ పక్కనే పైకప్పు దాకా మునిగింది.

మర్నాడు పొద్దున పడవను గట్టు మీదకు లాగారు. వడ్రంగి క్లెమ్ లోపల తడిసిన చెక్కలు ఊడదీస్తున్నాడు.

"అంతా ఆ ముసలిదాని నోటి పాపం!" అన్నాడు రోడ్నీ.

క్లెమ్ సుత్తి కింద పడేశాడు.

"ఆవిడ నోటిది కాదు సార్, మన చెవులది. ఆవిడ చెప్పింది నిజమని తెలిసీ నేను నోరు మూసుకున్నాను. నాకూ సిగ్గులేదు!"

లోపల పడుకునే బల్ల వెనక పలక ఊడొచ్చింది. దాని లోపలి వైపు పెన్సిలు రాత. క్లెమ్ పైకి చదివాడు.

"అడుగు దూలం నుంచి తెరచాప కొయ్య దాకా ఈ పడవ కట్టింది నేను. యుద్ధం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చారు, రేపటి నుంచి నన్ను రావద్దన్నారు. ఇత్తడి రేకు మీద కట్టినవాడిగా షెడ్డు యజమాని పేరు వేసుకున్నారు. నా పేరు ఇక్కడైనా ఉండనీ. ఎం. థర్కెటిల్, 1946."

రోడ్నీ ఆ పలకను చేతిలోకి తీసుకున్నాడు.

"ఎంత అన్యాయం! బతికుందేమో కనుక్కోవాల్సింది. నిన్న పూలదండ వేసి సీసా ఆవిడ చేతే కొట్టించేవాళ్ళం."

పెర్సీ వెళ్ళి, వచ్చినవాళ్ళు వివరాలు రాసే గేటు పుస్తకం తెచ్చి, నిన్నటి పేజీ తెరిచి పట్టుకున్నాడు.

అందులో ఊరు రాయాల్సిన చోట ఖాళీగా ఉంది. పేరు దగ్గర 'మేవిస్ థర్కెటిల్' అనీ, వచ్చిన పని దగ్గర 'నేను కట్టిన పడవను చూసుకోవడానికి' అనీ రాసి ఉంది.