చేటెడు తవుడు

"తల్లివి నువ్వే కదమ్మా? నువ్వే చెప్పాలి" అన్నాడు డాక్టరు.

లస్మవ్వ ఏళ్ల తరబడి మోస్తున్న భయం మళ్లీ తలెత్తింది. అవునంటే పిల్లాడి ప్రాణం పోతుందేమో!

ముందు పుట్టిన ఇద్దరు కొడుకులూ చిన్న దెబ్బలకే నెత్తురు ఆగక చనిపోయారు. అందుకే మూడోవాణ్ని పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. పిల్లలు లేని పక్కింటి కొమురవ్వ "నాకు దొరికిండు" అంటూ ఎత్తుకుంది. ఆమెకు చేటెడు తవుడిచ్చి తల్లి తన బిడ్డను తిరిగి కొనుక్కోవాలి. ఆచారం అది. లస్మవ్వ పిల్లాణ్ని తెచ్చుకుని పెంటయ్య అని పేరు పెట్టుకుంది గాని తవుడు మాత్రం ఇవ్వలేదు. పరాయి బిడ్డ అనుకుని యముడు చూపు తిప్పుకుంటాడని ఆశ. ధర్మపురిలో యముడి గుడికి పోయి దీపానికి నూనె పోసినప్పుడల్లా ఆ ఊసు మనసులోకి కూడా రానిచ్చేది కాదు. ఆయనకు తెలియకుండా ఉంటుందా అని బయటికొచ్చాక మళ్లీ తనే అనుకునేది.

ఇప్పుడు పెంటయ్య కరీంనగర్‌లో ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. గడప తట్టుకుని పడ్డాడు, అంతే. కడుపు కుండలా ఉబ్బింది. సూది గుచ్చిన చోటల్లా నల్లగా కమిలింది. తండ్రి రాయమల్లు "దాన్నే అడుగుండ్రి" అని వరండాలోకి పోయి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"లోపల నెత్తురు ఆగట్లేదమ్మా. ఇంకా రక్తం ఎక్కిస్తే నాలుగు రోజులు గడుస్తాయి, ఈ నొప్పితోనే. లేదంటే అన్నీ ఆపి, బాధ తెలియకుండా మందిచ్చి ఇంటికి పంపిస్తాను. ఎలా చేసినా బతుకుతాడని మాత్రం చెప్పలేను."

"గీ రోగం ఏడికెల్లి వచ్చింది సారూ?"

డాక్టరు తటపటాయించాడు. "తల్లి నుంచి కొడుకులకు వస్తుంది. అందులో తల్లి తప్పేమీ లేదు."

లస్మవ్వ తల దించుకుంది.

వాళ్లకు తోడుగా వచ్చి మంచం పక్కన కూర్చున్న కొమురవ్వ చప్పున లేచింది. "అయితే నన్ను అడుగుండ్రి. లెక్కకు తల్లిని నేను. ఈ లస్మి నాకు ఇంకా తవుడు బాకీ." పిల్లాడి వైపు తిరిగింది. "ఏందిరా కొడుకా, మీ అవ్వ అసొంటి పిసినారిని ఏడన్న చూసినవా?"

పెంటయ్య నవ్వబోయి మూలిగాడు. "అవ్వా, సూది వద్దే. ఇంటికి పోదాం."

లస్మవ్వ గబగబా బయటికి వెళ్లిపోయింది. డాక్టరు నిట్టూర్చి, ఇంకో రక్తం సీసా తగిలించమని నర్సుకు చెప్పాడు.

రోడ్డవతల దాణా దుకాణంలో షావుకారు తవుడు కొలుస్తూ అడిగాడు. "బర్రెకా, దూడకా?"

"కొడుకుకు."

ఒడి నింపుకుని తిరిగి వచ్చిన లస్మవ్వను చూసి కొమురవ్వ గోడకు జరిగింది.

"వద్దే లస్మీ. గిన్నేండ్లు ఇయ్యలే, ఇప్పుడెందుకు? నా పేరు మీదనే ఉండనీ. పోతే నా కొడుకు పోయిండనుకుంట. నీకు మూడోసారి కడుపుకోత ఎందుకే?"

"కొంగు పట్టు అక్కా."

"నేను పట్ట."

లస్మవ్వ తనే ఆమె కొంగు పరిచి తవుడంతా పోసింది. చేతులు దులుపుకుని, కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి, డాక్టరు వైపు తిరిగింది.

"తల్లిని నేనే సారూ. సూది తియ్యుండ్రి."