ఒంట్లో నిలవున్న కరెంటు

పానకాలు కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు.

ఇంకొకడికైతే అదేం పెద్ద నష్టం కాదు. పానకాలు నేతగాడు. నూలు కండె మోసే నాడె అటూ ఇటూ ఆడాలంటే తలమీద వేలాడే తాడు అందుకుని లాగాలి. చెయ్యి లేవదు, తాడు అందదు, మగ్గం కదలదు. సగం నేసిన జరీ అంచు చీర గుంటమగ్గం మీద అలాగే దుమ్ము పట్టిపోతోంది.

నూలిచ్చిన షావుకారు రంగయ్య చీరాల నుంచి వచ్చి చూశాడు.

"ఉగాది దాకా ఆగుతా పానకాలూ. అప్పటికీ కాకపోతే మగ్గానికెక్కించిన పడుగు నూలు విప్పుకుపోయి ఇంకొకరికిస్తా. ఏమీ అనుకోకు" అన్నాడు.

మగ్గం మీది పడుగు విప్పుకుపోతే ఆ ఇంట్లో పొయ్యి ఆరినట్టే. పైగా నలుగురిలో తలవంపులు. పానకాలుకి అన్నం సయించడం మానేసింది.

భార్య కోటిరత్నం ఆముదం కాచి రాసింది. ఉప్పుమూటతో కాపడం పెట్టింది. వావిలాకు నీళ్ళు పోసింది. భుజం బిగుసుకునే ఉంది. చివరికి మొగుణ్ణి జయరావు దగ్గరికి లాక్కెళ్ళింది.

జయరావు ఆ ఊరి కుర్రాడే. కీళ్ళనొప్పులకీ కండరాల నొప్పులకీ వ్యాయామంతో వైద్యం చెయ్యడం మద్రాసు ఆస్పత్రిలో నేర్చుకొచ్చాడు. సూదీ మందూ లేకుండా నయం చేస్తానని ఊళ్ళో గది తెరిచాడు. సూది లేని వైద్యం ఏం వైద్యమని ఎవరూ ఆ గడప తొక్కలేదు.

జయరావు భుజం పట్టి చూశాడు. "కీలు బిగుసుకుంది బాబాయ్. రోజూ గోడ దగ్గర నుంచుని వేళ్ళని పైకి పాకించు. చెయ్యి వేలాడేసి గుండ్రంగా తిప్పు. నొప్పెట్టినా మానకు. మెల్లగా సర్దుకుంటుంది."

"గోడమీద బల్లిలా పాకడానికి నీ దాకా రావాలా అబ్బాయ్? మందేమీ లేదా?"

"ఇదే మందు."

"చదువుకుని చెడిపోయావురా" అని పానకాలు లేచి వచ్చేశాడు. ఒక పూట పాకాడు. నొప్పెట్టింది. మానేశాడు.

అదుగో, ఆ రోజుల్లోనే ఊళ్ళో కరెంటు స్తంభాలు పాతారు. తీగలు లాగారు. స్తంభానికో పుర్రె బొమ్మ తగిలించారు. ఊరు హడలిపోయింది. ఆడవాళ్ళు తడిచీరలతో స్తంభం పక్కగా నడవడం మానుకున్నారు. ఒక కాకి వచ్చి తీగమీద వాలితే అది ఎప్పుడు చస్తుందా అని జనం పనులు మానుకుని చూశారు. అది తీరిగ్గా ముక్కు రుద్దుకుని ఎగిరిపోయింది. ముదురు కాకి అనుకుని ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు.

జయరావు గదిలోకీ ఒక తీగ వెళ్ళింది. బల్లమీద ఓ చెక్కపెట్టె వెలిసింది. దానికో మీట, గడియారానికున్నట్టు ఓ ముల్లు, రెండు రాగి బిళ్ళలు. పట్నంలో గొప్పవాళ్ళు చేయించుకునే కరెంటు వైద్యం మన ఊరికొచ్చిందని ఇంటింటా చెప్పుకున్నారు. పక్కవీధి ముసలి ఖాజాబీ మోకాళ్ళకి పెట్టించుకుని కర్ర పక్కన పడేసిందన్నారు. ఇక పానకాలు ఆగుతాడా?

జయరావు వేడినీళ్ళలో తడిపిన గుడ్డ భుజానికి చుట్టాడు. బిళ్ళలు ఆనించాడు. మీట తిప్పాడు. మీటతో పాటు ముల్లూ తిరిగింది.

"వస్తోందా బాబాయ్?"

పానకాలు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "వస్తోందిరా. చీమలు పాకినట్టు జివ్వుమంటోంది. అరికాలి దాకా దిగింది."

"పెంచనా?"

"పెంచు. నాకేం భయమా?"

కోటిరత్నం గుమ్మం అవతలే నుంచుంది. "మరీ ఎక్కించకు అబ్బాయ్. ఉన్నది ఒక్క మొగుడు" అంది.

జయరావు పెట్టె కట్టేసి మొహం సీరియస్‌గా పెట్టాడు.

"అసలు సంగతి విను బాబాయ్. ఎక్కిన కరెంటు ఒంట్లో నిలవ ఉండకూడదు. ఇంటికెళ్ళి గోడమీద వేళ్ళు పాకించావంటే గోడలోకి దిగిపోతుంది. చెయ్యి వేలాడేసి తిప్పితే మిగిలింది నేలలోకి పోతుంది. పూటపూటా చెయ్యాలి."

"చెయ్యకపోతే?"

"స్తంభం మీద బొమ్మ చూశావుగా."

ఇక చూడాలి పానకాలు అవస్థ. కుయ్యో మొర్రో అంటూనే పొద్దునా సాయంత్రం గోడకి అతుక్కుపోయాడు. బద్ధకిస్తే కోటిరత్నం ఊరుకునేది కాదు. "ఆ కరెంటు దించుకున్నాకే నా పక్కకి రా" అని చాప వీధి అరుగు మీదికి విసిరేసేది. గోడ సున్నం మీద వేళ్ళ మరకలు మెల్లగా పైకి పోయాయి.

ఉగాది ముందు రంగయ్య పడుగు విప్పించడానికి మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. సందు మొగలోనే మగ్గం చప్పుడు వినిపించింది. పానకాలు గుంటలో కూర్చుని తాడు లాగుతున్నాడు. నాడె అటూ ఇటూ పరుగెడుతోంది. చీర జానెడే మిగిలింది. కోటిరత్నం సంతోషం పట్టలేక కొంగుతో కళ్ళొత్తుకుంది. రంగయ్య తెచ్చిన మనిషిని పంపేసి కొత్త పడుగు మాట ఎత్తాడు.

"చెయ్యెట్లా వచ్చిందయ్యా?"

"కరెంటండీ. ముందు ఆ కుర్రాడు గోడలు పాకమన్నాడు. ఆ పిచ్చిపనులకి రోగాలు పోతాయా? కరెంటు ఎక్కాకే కదా చెయ్యి లేచింది. ముల్లు చివరిదాకా తిప్పించుకున్నా. ఇంకొకడైతే మాడి మసైపోయేవాడు."

"నాకూ నడుం పట్టేస్తోంది. నేనూ పెట్టించుకోనా?"

"తమరు తట్టుకోలేరులెండి" అన్నాడు పానకాలు, జాలిగా చూస్తూ.

అప్పుడే వీధిలో టముకు మోగింది. తలారి గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"ఊరి జనం యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఇంతకాలం వట్టిగా ఉన్న మన ఊరి తీగల్లోకి రేపు పొద్దున మొట్టమొదటిసారిగా కరెంటు వదులుతున్నారు, అందరూ జాగ్రత్తగా ఉండవలెనహో."