రబ్బరు పడని చేతులు

“ఆ చేతులేంటమ్మా, అలా కందిపోయాయి?”

తుంటి ఆపరేషనయిన పెద్దాయన్ని థియేటర్ నుంచి తెచ్చి మంచం మీదికి మార్పించిన నర్సు, గబుక్కున చేతులు వెనక్కి దాచుకుంది. అప్పుడే గ్లవ్స్ తీసింది. మణికట్టు దాకా దద్దుర్లు.

“సబ్బు పడలేదండీ” అంది, ఆయన భార్యతో.

“సబ్బుకి ఆయాసం కూడా వస్తుందా?”

ఆ గొంతులో ఏముందో గానీ, కన్నతల్లి అడిగినట్టే అనిపించింది. కట్టుకున్నవాడికి కూడా చెప్పని మాట బయటికొచ్చేసింది.

“గ్లవ్స్ రబ్బరు పడదు పిన్నిగారూ. మొదట్లో దురదే. ఇప్పుడు వేసుకుంటే చాలు, గొంతు బిగుసుకుపోతోంది. ఎవరితోనూ అనకండి. తెలిస్తే థియేటర్లోంచి తీసేస్తారు. ఈ పని కోసం ఎంత కష్టపడ్డానో!”

పెద్దావిడ ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. అననని మాత్రం అనలేదు.

మర్నాడు పొద్దున్నే సూపరింటెండెంట్ నర్సుని పిలిపించాడు.

“రేపట్నుంచి ఓపీలో చీటీలు రాయి. థియేటర్ గుమ్మం తొక్కొద్దు.”

సంగతి తెలిసిన మనిషి ఒక్కతే.

సుడిగాలిలా వార్డులోకి వచ్చిపడింది.

“నమ్మి చెప్పుకుంటే గొంతు కోశారు కదండీ! మీ నోట్లో నువ్వుగింజైనా నానదా? మీ ఆయన ఆపరేషన్‌కి చివరిదాకా నిలబడ్డాను, ఆ గ్లవ్స్ వేసుకునే! దానికి ఇదా మీరిచ్చే బహుమానం?”

మంచాల మీదివాళ్లంతా తలలు తిప్పి చూశారు.

పెద్దావిడ భర్తకి తాగిస్తున్న పాలగ్లాసు పక్కన పెట్టింది.

“తిట్టమ్మా. ఎంత తిట్టినా పడతాను.”

ఆ మాటకి నర్సుకి ఒళ్లు ఇంకా మండింది.

భర్తని ఇంటికి తీసుకుపోయే రోజున ఆవిడ ఓపీ గది ముందు ఆగింది. నర్సు తలెత్తలేదు. ఖాళీ చీటీ మీద ఏదో రాస్తున్నట్టు నటించింది. కాసేపు నిలబడి, ఆవిడ వెళ్లిపోయింది.

సాయంత్రం మత్తు డాక్టరు అటుగా వచ్చాడు.

“చేతులెలా ఉన్నాయి?”

“చేతులకేం సార్, బాగానే ఉన్నాయి. మనసే విరిగింది. ముక్కూ మొహం తెలియని మనిషిని నమ్మాను, నాకు బుద్ధి లేక.”

“నిన్ను థియేటర్ నుంచి తప్పించేదాకా సూపరింటెండెంట్ గది ముందు నుంచి కదలలేదావిడ. ఆయన ఎంత కసిరినా లేవలేదు.”

“అంత పగేంటి సార్ నా మీద?”

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఇక్కడెవరూ ఆ సంగతి ఎత్తరు. నువ్వు రాకముందు ఆవిడ కూతురు మన థియేటర్లోనే నర్సు. ఒకరోజు గ్లవ్స్ తొడుక్కుంటూనే ఊపిరాడక కూలిపోయింది. మేమంతా చుట్టూ ఉండగానే పోయింది. రబ్బరు పడదని ఎవరికీ చెప్పొద్దంటూ తల్లి చేత ఒట్టేయించుకుందట... ఆ తల్లి మాట తప్పలేదు.”