తెల్లబడిన బీకరు

“ఉప్పునీళ్లు పోయకముందే తెల్లగెట్లయింది? నల్లా నీళ్లతోటి కడిగినవా?” ల్యాబులో కెమిస్ట్రీ సారు గద్దించాడు.

“లేదు సార్, డిస్టిల్డ్ వాటరే,” అంది జులేఖా.

తండ్రిని మట్టిచేసి వారమైంది. ఆమెకు ఏడుపే రాలేదు. రాతిగుండెదని చుట్టాలు గుసగుసలాడితే అదీ నిజమే కావచ్చనుకుంది.

“సిల్వర్ నైట్రేట్‌ల ఉప్పు పడందే తెలుపు రాదు. ఈక్వేషన్ రాయి.”

రాసింది. రెండు వైపులా సరిపోయింది.

“ఇగో, ఉప్పు రాసినవ్. మరి ఆ ఉప్పేడికెల్లి వచ్చింది?” అంటూ తలెత్తిన సారు ఆమె మొహం చూసి ఆగిపోయాడు. “ఇంటికి పో బిడ్డా.”

“ఎందుకు సార్?”

అడుగుతుండగానే గడ్డం మీంచి చుక్క ఒకటి జారి బీకరులో పడింది. పడినచోట ద్రావణం పాలలా విరిసింది.

జులేఖా అప్పుడు చెంప తడుముకుంది.